హారతి లేకుండా గడప దాటినవాళ్ళు

ఆ పటంలో మా తిరువూరు ఎర్రగా ఉంది. కళ్ళంలో ఆరబోసిన మిరపకాయల ఎరుపు. దాని పక్కనే మా అమ్మాయిని ఇచ్చిన మండలం పచ్చగా నిగనిగలాడుతోంది. తెర మీద ఆ రెండు రంగుల్నీ చూసి హాల్లో అందరూ తలలూపుతున్నారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

మండలాఫీసు మేడ మీద మీటింగు హాల్లో జరిగిన సభ అది. ఎక్కడో నగరంలో ఉన్న ఒక సంస్థవాళ్ళు మా కొత్త జిల్లాలో మండలాల వారీగా మానవాభివృద్ధిని కొలిచారు. జిల్లా మొత్తానికి ఒకే అంకె వేస్తే విజయవాడ వెలుగులో మా మెట్ట ఊళ్ళ సంగతి కనపడదని, అందుకే ఒక్కో మండలాన్నీ విడివిడిగా చూశామని చెప్పారు. ఆ మాట వరకూ నాకూ నచ్చింది. ఫలితాలు చెప్పే రోజున స్థానిక మేధావులంటూ కొందరిని పిలిచారు. ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పే ఆడమనిషి ముందు వరసలో కూర్చుంటే ఫొటో నిండుగా ఉంటుందని కాబోలు, నన్నూ పిలిచారు.

మానవాభివృద్ధి పాఠం నేను ఏటా చెప్తాను. సంపాదన ఒక్కటే చూస్తే మనిషి కనపడడు, ఎన్నాళ్ళు బతికాడు, ఏం చదువుకున్నాడు అన్నవి కూడా కలిపి చూడాలర్రా అని బల్ల గుద్ది మరీ చెప్తాను. సిలబస్ మొత్తంలో నాకు బాగా ఇష్టమైన పాఠం అదే. ఇష్టమైన పాఠాన్ని ఎవరో నా కళ్ళముందే తప్పు చదువుతుంటే నోరు మూసుకుని మజ్జిగ ప్యాకెట్టు తాగడం నా వల్ల కాదు. నా కోపానికి బీపీ మిషను కూడా బెదిరిపోతుందని మా ఆయన ఏడిపిస్తుంటారు.

లెక్కలు చెప్పినతను ముప్ఫై ఏళ్ళ లోపు అబ్బాయి. మర్యాదస్తుడే. బూట్లకు ఇంకా ఊళ్ళ దుమ్ము ఉంది, అంటే కష్టపడి తిరిగాడన్నమాట. తిరువూరు మండలం కింద వరసలో పడిపోవడానికి ముఖ్య కారణం పసిబిడ్డల మరణాలని చెప్పాడు. పక్క మండలం పైకి లేవడానికి కారణం అక్కడి ఊళ్ళలో పసిబిడ్డలు దాదాపు ఎవరూ చనిపోకపోవడమని చెప్పాడు. కొన్ని ఊళ్ళలోనైతే అసలు ఒక్కరు కూడా లేరట. అలాంటి ఆదర్శ గ్రామమని ఒక ఊరి పేరు చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అది మా అమ్మాయి కాపురముంటున్న ఊరు.

ఆ ఊరు గంపలగూడెం దాటాక, నెమలి దారి వదిలి లోపలికి వెళితే వస్తుంది. అల్లుడు పత్తీ మిరపా వేస్తాడు. తొలిచూలు కడుపుతో మా అమ్మాయి ఏడో నెల దాకా అక్కడే ఉంది. అప్పట్లో ఆ ఊరి ఆరోగ్య ఉపకేంద్రానికి తాళం, నర్సు పోస్టు ఖాళీ. కాళ్ళు వాచాయంటే మా వియ్యపురాలు "కడుపుతో ఉన్నవాళ్ళకి నీరు పట్టడం మామూలేలే" అంది. తల పగిలిపోతోందంటే ఊళ్ళో మందులిచ్చే ఆయన ఒక బిళ్ళ ఇచ్చి పంపాడు. నేను రోజూ ఫోన్ చేసేదాన్ని. "బాగానే ఉన్నానమ్మా" అనేది. ఫోన్లో గొంతు వినపడుతుంది కానీ కాళ్ళ వాపు కనపడదు కదా.

సీమంతం చేసి పురుటికి తిరువూరు తీసుకొచ్చాం. ఇక్కడ డాక్టరమ్మ బీపీ చూసి అదిరిపడింది. అప్పటికప్పుడు ఆపరేషన్ చేశారు. బిడ్డ అరచేతిలో పట్టేంత ఉన్నాడు. పురిటి స్నానం కాకముందే పోయాడు. పుట్టిందీ పోయిందీ తిరువూర్లోనే కాబట్టి రెండూ ఇక్కడే రాశారు. మా అమ్మాయి దక్కింది చాలని నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, కానీ ఆ దణ్ణం పెడుతూ కూడా ఏడ్చాను.

ఆ తర్వాత ఆ ఊరివాళ్ళు తిరగగా తిరగగా ఉపకేంద్రానికి ఒక నర్సును వేశారు. దూరపు జిల్లా పిల్ల. ఊళ్ళోనే చిన్న వాటా అద్దెకు తీసుకుని ఉండిపోయింది. పగలంతా ఆడవాళ్ళు చేలల్లో ఉంటారు, ఉపకేంద్రానికి ఎవరొస్తారు? అందుకని మధ్యాహ్నం అందరూ గట్టు మీద క్యారేజీలు విప్పుకునే వేళకి ఆ పిల్లే బీపీ మిషను సంచిలో వేసుకుని చేలల్లోకి నడిచి వెళ్ళేది. కడుపుతో ఉన్నవాళ్ళని పత్తి చేలోనే కూర్చోబెట్టి చెయ్యి చాపమనేది. సభ జరిగే నాటికి మా అమ్మాయికి మళ్ళీ ఐదో నెల. పక్కింట్లో కౌలుకి చేసుకునేవాళ్ళ కోడలికి కూడా అదే నెల, ఆమెకి తొలిచూలు. ఇద్దరికీ బీపీ కాస్త ఎక్కువగానే ఉంటోంది. ఇద్దరినీ కనిపెట్టుకుని ఉన్నది ఆ నర్సే. నేను గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోతున్నానంటే ఆ పిల్ల వల్లే.

తెర మీద పటం అలా ఉండగానే ఒక ఆఫీసరుగారు మైకు అందుకున్నారు. బాగున్న చోట సిబ్బందిని పెట్టుకుని బాగాలేని చోట ఖాళీలు ఉంచుకోవడం న్యాయం కాదన్నారు. ఈ పచ్చటి ఊళ్ళలో ఉన్న నర్సుల్ని ఎర్రగా ఉన్న తిరువూరుకు మార్చమని పైకి రాస్తున్నామన్నారు. మళ్ళీ చప్పట్లు. నేను లేచి నిలబడ్డాను.

"బాబూ, ఆ ఊళ్ళో పసిపిల్లలెవరూ పోలేదని మీకెవరు చెప్పారు?" అని ఆ అబ్బాయిని అడిగాను.

"ఇంటింటికీ వెళ్ళి అడిగాం మేడమ్. రికార్డులతో కూడా సరిచూశాం."

"మా మనవడు పోయాడు."

అతని ముఖం నిజంగానే మారింది. "సారీ మేడమ్. ఎక్కడ పోయాడండీ?"

"ఇక్కడే. తిరువూర్లో."

"మరి మేం చెప్తున్నదీ అదే కదండీ" అన్నాడు.

హాల్లో కొందరు నవ్వారు. వీళ్ళకి ఎలా చెప్పాలి? మన వైపు ఏ ఆడపిల్లయినా పురుటికి పుట్టింటికే వస్తుందని తెలియని వాళ్ళు ఆ హాల్లో ఎవరున్నారు? ఆ ఆఫీసరు భార్యకి పుట్టింట్లో పురుడు పోయలేదా? ఏడు నెలలు ఒక ఊళ్ళో వంగి, మోసి, నీళ్ళు తోడి, వాచిన కాళ్ళతో తిరిగిన మనిషి చివరికి కనడానికి ఇంకో ఊరు వస్తుంది. జబ్బు పట్టింది ఒకచోట, ప్రాణం పోయింది ఇంకోచోట. చుట్టుపక్కల మెట్ట ఊళ్ళలో కాపురాలు చేస్తున్న తిరువూరు ఆడపిల్లలంతా కనడానికి తిరువూరే వస్తారు. ఆ ఊళ్ళ పాపమంతా మా నెత్తిన రాసి, ఆ ఊళ్ళని కడిగిన ముత్యాలని చూపిస్తున్నారు. కాకి లెక్కలంటే నవ్వుకుంటాం కానీ, కాకి కూడా తన గూట్లో పిల్లల్ని పక్క చెట్టు మీద లెక్కపెట్టదు.

ఇదంతా నేను గట్టిగానే చెప్పాను. గట్టిగా చెప్పడం వల్లే ఎవరూ వినలేదేమో. పక్కన కూర్చున్న ఊరి పెద్దమనిషి ఒకాయన నా చీర కొంగు లాగినంత పని చేసి, "కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా? మన తిరువూరుకి ఇంకో నర్సు వస్తుంటే వద్దంటారేంటి?" అన్నారు.

"ఉన్నమ్మ ఉన్నమ్మకే పెట్టింది, లేనమ్మా ఉన్నమ్మకే పెట్టిందంట. ఇక్కడ వీధికో ఆస్పత్రి ఉందండీ బాబాయిగారూ. అక్కడున్నది ఆ ఒక్క పిల్లే" అన్నాను. ఆయన మజ్జిగ ప్యాకెట్టు చివర కొరుక్కుంటూ అటు తిరిగిపోయారు.

మెట్లు దిగుతుంటే ఆ అబ్బాయే వెనక వచ్చాడు. "మేడమ్, ఆ ఊళ్ళో అడిగినప్పుడు ఎవరూ చెప్పలేదండీ. నిజంగా. ఒకసారి నాతో వస్తారా?" అన్నాడు. అతని మీద కోపం సగం దిగిపోయింది. తప్పు చేసినవాడు వచ్చి చూస్తానంటే ఇంకేం కావాలి? ఆదివారం వెళ్దామన్నాను.

ఆ ఆదివారం గంపలగూడెంలో బస్సు దిగి ఆటో ఎక్కాం. నెమలి గుడికి వెళ్ళే జనం మధ్య ఇరుక్కుని కూర్చున్నాం. వాళ్ళు దిగిపోయాక ఆటో ఖాళీ అయింది, రోడ్డు గతుకులు మొదలయ్యాయి. ఆ అబ్బాయి పైకడ్డీ పట్టుకుని, "ఏడో నెలలో ఈ దారిలో వచ్చారా మీ అమ్మాయి?" అని అడిగాడు. ఒక్కో గతుకూ జవాబు చెప్తూనే ఉంది.

మా వియ్యపురాలు ఎదురొచ్చింది. మేమిద్దరం ఒకరినొకరు "వదినగారూ" అని పిలుచుకుంటాం, ఎంత కోపమొచ్చినా "గారు" వదలం. కుర్చీలు వేసి కాఫీ ఇచ్చింది. ఇంటికి మనిషి వస్తే కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చే కాలం మనిషి ఆవిడ. మంచీ మర్యాదా తెలుసు. మా అమ్మాయి గుమ్మంలో తలుపు పట్టుకుని నిలబడింది. పక్కింటి అత్తాకోడళ్ళు కూడా మనుషులొచ్చారని చూసి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. మెల్లగా వీధిలో ఇంకొందరు ఆడవాళ్ళు చేరారు.

అబ్బాయి తన ప్రశ్న తనలాగే అడిగాడు. "అమ్మా, ఈ ఐదేళ్ళలో మీ ఇంట్లో పుట్టి చనిపోయిన పసిపిల్లలెవరైనా ఉన్నారా?"

"మా ఇంట్లో అలాంటివేం లేవు బాబూ. దేవుడి దయ వల్ల చల్లగా ఉన్నాం" అంది మా వియ్యపురాలు. చెప్పి, కాఫీ గ్లాసు ఇంకా నిండుగా ఉందేంటని అతన్ని అడిగింది.

మా అమ్మాయి తల వంచుకుంది. ఎదురుగా ఆ బిడ్డ తల్లి నిలబడి ఉంటే, నోటి నిండా "లేవు" అన్న మనిషిని చూసి నా చేతిలో గ్లాసు విసిరికొట్టాలనిపించింది. కానీ ఆ పూట అక్కడ కూర్చుని ఆలోచిస్తే నాకు అర్థమైంది. ఆవిడ అబద్ధమాడలేదు. ఆవిడ ఇంట్లో పుట్టలేదు, ఆవిడ ఇంట్లో పోలేదు. పుట్టింటివాళ్ళ ఇంట్లో జరిగిన చెడు అత్తింటివాళ్ళు నోటితో అనరు, అంటే అవతలివాళ్ళని తప్పుబట్టినట్టు. పైగా కడుపుతో ఉన్న పిల్ల వింటుండగా పోయిన బిడ్డ మాట ఎత్తరు. ఇంటింటికీ వెళ్ళి ఇంతే మర్యాదగా అడిగి, ఇంతే మర్యాదగా చెప్పిన జవాబులు రాసుకుని, ఆ మర్యాదలన్నీ కలిపి కూడి, దానికి అభివృద్ధి అని పేరు పెట్టారు.

"నువ్వు అడగడం ఆపు బాబూ. నేనడుగుతాను" అన్నాను.

మా ప్రాంతంలో పురుడు పోసుకుని బిడ్డతో అత్తింటికి తిరిగొచ్చిన కోడల్ని గుమ్మంలో ఆపుతారు. పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళు పళ్ళెంలో పోసి, కర్పూరం వెలిగించి హారతి తిప్పి, దిష్టి తీసి, ఆ తర్వాతే గడప దాటనిస్తారు. వీధి వీధంతా వచ్చి చూస్తుంది. బిడ్డ లేకుండా వచ్చిన కోడలికి అవేం ఉండవు. ఆమె సాయంత్రం మసక వెలుతుర్లో దిగి, దొడ్డిదారిన ఇంట్లోకి వెళ్ళిపోతుంది. మర్నాడు పొద్దున చేలో కనపడుతుంది. ఎవరూ ఏమీ అడగరు.

నేను అరుగు మీదున్న ఆడవాళ్ళందరి వైపూ తిరిగి అడిగాను. "పురుటికెళ్ళి, హారతి లేకుండా గడప దాటినవాళ్ళు ఈ వీధిలో ఎవరున్నారమ్మా?"

ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కింటి కోడలు తన కడుపు మీద చెయ్యి వేసుకుని అత్త వైపు చూసింది. నాకే భయం వేసింది, అడగకూడనిది అడిగానా అని.

అప్పుడు మా వియ్యపురాలు అంది. "నేనున్నాను వదినగారూ."

మా అమ్మాయి గబుక్కున తలెత్తింది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ సంగతి తనకి తెలియదు. ఆవిడ నేల చూస్తూ చెప్పింది. "మీ అల్లుడికంటే ముందు ఒక ఆడపిల్ల. రెడ్డిగూడెంలో మా అమ్మ దగ్గర పుట్టి పోయింది. ఆఖరి బస్సుకొచ్చి దొడ్డి గుమ్మంలోంచి వచ్చాను. మా అత్తగారు అన్నం పెట్టారు. అంతే, ఇంకెవరూ ఆ మాట ఎత్తలేదు."

ఆవిడ మాటతో గట్టు తెగినట్టయింది. కొంగు అడ్డం పెట్టుకున్నామె తనదని చెప్పింది, పుట్టిల్లు సరిహద్దు అవతల, తెలంగాణలో. ఇంకొకామె తన కోడలి సంగతి చెప్పింది. ఎదురింటావిడ పోయినేడాది సంగతి చెప్పి భోరుమంది. మా అమ్మాయి వచ్చి అత్తగారి పక్కన కూర్చుంది. ఆ ఆదర్శ గ్రామంలో, ఆ ఒక్క వీధిలో, ఆ కాస్సేపట్లో విన్నవన్నీ నేను ఈ రోజుకీ మర్చిపోలేదు. చప్పట్లు కొట్టిన చేతులు అక్కడ లేకపోయాయే అనిపించింది.

ఆ అబ్బాయి రాయడం ఆపేశాడు. "మేడమ్, వీళ్ళని ఏ ఊరి గడిలో వెయ్యాలండీ? జరిగిన చోటనే కదా మా పద్ధతి" అన్నాడు, నిజంగా తెలియక అడిగినవాడిలా.

"బిడ్డ కడుపులో ఉన్నప్పుడు తల్లి ఏ ఊళ్ళో నీళ్ళు మోసిందో ఆ ఊరి గడిలో వెయ్యి. నీ పద్ధతి చూసుకుంటే ఇదిగో, ఈ పిల్లకి రేపేమన్నా అయితే మన రాష్ట్రానికే మచ్చ అంటదు" అని పక్కింటి కోడల్ని చూపించాను. ఆ పిల్ల పుట్టిల్లు కూడా అవతలి వైపే. చూపించాక నాలిక కరుచుకున్నాను. ఆ పిల్ల మాత్రం నవ్వి, "నర్సక్క ఉందిగా పిన్నిగారూ, నాకేం కాదు" అంది.

వెళ్ళేముందు ఆ అబ్బాయి రిపోర్టు అచ్చుకి వెళ్ళిపోయిందని చెప్పాడు. ఈ సంగతి తన పైవాళ్ళకి రాస్తానని, వచ్చే విడతలో తల్లి నివాసాన్ని బట్టి లెక్క తీస్తామని మాటిచ్చాడు. అతను రాశాడు కూడా, నాకు తెలుసు. కానీ పటం వేగంగా ప్రయాణం చేస్తుంది, దిద్దుబాటు ఎడ్లబండి మీద వస్తుంది. మూడు వారాలు తిరక్కుండా నర్సుకి తిరువూరు బదిలీ కాగితం అందింది. ఆ ఊరి ఆడవాళ్ళు ఆమె సామాను ఎక్కించిన ఆటోకి అడ్డంగా కూర్చున్నారట. ఆ పిల్లే ఏడుస్తూ బతిమాలి లేపిందట.

నేను ఆఫీసరుగారి దగ్గరికి వెళ్ళాను. ఫైలు పైకి వెళ్ళిందన్నారు. మళ్ళీ వెళ్ళాను. పైనుంచి రాలేదన్నారు. మూడోసారి వెళితే, "మేడమ్, మీరు టీచరు కదా, ఒక్క ఊరి కోసం జిల్లా లెక్క మార్చమంటారేంటండీ?" అన్నారు. ఒక్క ఊరి సంగతి తెలుసుకోవడానికి కాకపోతే మండలాల వారీ లెక్క ఎందుకు తీశారయ్యా అని అరిచి వచ్చాను. గేటు దగ్గర బంట్రోతు నాకు మంచినీళ్ళిచ్చాడు.

నర్సును తిరువూర్లో కలిశాను. అప్పటికే అక్కడ నర్సులున్నారు, ఆ పిల్లకి కూర్చోవడానికి సరైన కుర్చీ కూడా లేదు. నన్ను చూడగానే ఆమె మొదట అడిగింది తన సంగతి కాదు. "మేడమ్, మీ అమ్మాయి వాళ్ళ పక్కింటి పిల్లకి బీపీ ఎవరు చూస్తున్నారండీ? నేనొచ్చేటప్పటికే ఎక్కువుంది" అంది. ఎవరూ చూడటం లేదని నాకు తెలుసు.

మా అమ్మాయిని వెంటనే తెచ్చేసుకున్నాను. సీమంతం ఇక్కడే చేద్దాం, నెల లెక్క చూడకండి వదినగారూ అంటే మా వియ్యపురాలు సరేనంది. ఆ పక్కింటి పిల్లని కూడా పంపమని అడిగాను, మా ఇంట్లో గది ఉంది, డాక్టరమ్మ దగ్గరికి నేను తీసుకెళ్తాను, మీరేం చూసుకోనక్కర్లేదన్నాను. వాళ్ళ అత్త ఒప్పుకునేదేమో కానీ, పిల్ల తల్లి ఫోన్లో నా మీద విరుచుకుపడింది. "మేం చచ్చామనుకున్నారా అమ్మా? తొలి పురుడు పరాయి ఇంట్లో పోయిస్తే మా ఊళ్ళో తలెత్తుకు తిరగగలమా?" ఆమె బాధా అబద్ధం కాదు. పత్తి ఆఖరి తీత అవ్వగానే పంపుతామని ఇటువాళ్ళన్నారు, వచ్చి తీసుకెళ్తామని అటువాళ్ళన్నారు. ఆఖరి తీత అయ్యేదాకా ఆ పిల్ల చేలోనే ఉంది. మధ్యాహ్నం గట్టు మీదికి ఎవరూ రాలేదు.

మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఆ రోజు నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు, కాదనను. వీధంతా స్వీట్లు పంచాను. పంచుతూనే గుర్తొచ్చింది, ఈ పుట్టుక కూడా తిరువూరు లెక్కలోనే పడుతుంది. ఆ ఊరి నుంచి నర్సును లాక్కొచ్చారు, మా పిల్లని నేను లాక్కొచ్చుకున్నాను, వచ్చే పటంలో మా తిరువూరు ఎరుపు కాస్త విరుగుతుంది. నర్సును మార్చడం మంచిదే అయిందని ఎవరో ఒకరు మైకులో చెప్తారు కూడా.

పదిహేను రోజులకి మా అమ్మాయి ఫోను పట్టుకుని ఏడుస్తూ నా గదిలోకి వచ్చింది. పక్కింటి పిల్లకి అవతల పుట్టింట్లో ఫిట్స్ వచ్చాయి. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి బిడ్డ దక్కలేదు. పిల్ల బతికింది. ఫిట్స్ ఎందుకొచ్చాయో అక్కడ డాక్టరు చెప్పిన మాట మాకు కొత్త కాదు. బీపీ.

మూడో నెలలో మంచిరోజు చూసి మా అమ్మాయిని, మనవరాల్ని తీసుకుని సారెతో బయలుదేరాం. ఆ ఇంటి ముందు కారు ఆగేసరికి వీధంతా నిలబడి ఉంది. మా వియ్యపురాలు పళ్ళెంలో ఎర్రనీళ్ళతో గుమ్మంలోకి వచ్చింది. కర్పూరం వెలిగించి హారతి తిప్పింది, బిడ్డ నుదుట బొట్టు పెట్టింది. మా అమ్మాయి కుడికాలు లోపల పెట్టింది. నేను మాత్రం పక్కింటి వైపే చూస్తున్నాను. తలుపు ఓరగా వేసి ఉంది. ఆ పిల్ల కిందటి వారమే తిరిగొచ్చిందని, దొడ్డిదారిన వచ్చిందని మా అమ్మాయి దారిలో చెప్పింది.

దిష్టి నీళ్ళు వీధిలో పారబోసి వచ్చిన మా వియ్యపురాలు లోపలికి రాలేదు. పళ్ళెం కడిగి, మళ్ళీ పసుపూ సున్నం కలిపింది. మళ్ళీ కర్పూరం పెట్టుకుంది. పళ్ళెం పట్టుకుని పక్కింటి గుమ్మం ముందుకెళ్ళి నిలబడి, "అమ్మాయ్, ఇటు రా. వీధిలోకొచ్చి మళ్ళీ లోపలికెళ్ళు" అంది.

ఆ పిల్ల అత్త పరుగెత్తుకొచ్చింది. "ఇదేం పద్ధతక్కా? బిడ్డ లేకుండా హారతేంటి? అదీ ఎక్కడో అవతల పోతే..."

"అవతల పోలేదే" అంది మా వియ్యపురాలు. ఆవిడ గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది. "కన్ను మూసింది అవతల. పోయింది మన చేలో. మనమందరం చూస్తుండగా పోయింది. దీని చేతులు ఖాళీ అయితే దీని తప్పా? ప్రాణంతో ఇంటికొచ్చింది. రా తల్లీ."

ఆ పిల్ల వచ్చింది. వీధిలోకి దిగి, గడప ముందు నిలబడింది. హారతి వెలుగులో ముఖం వాడిపోయి, ఇంకా చిన్నపిల్లలా కనపడింది. మా వియ్యపురాలు మూడుసార్లు పళ్ళెం తిప్పి, బొట్టు పెట్టి, లోపలికి నడిపించింది. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నాకైతే ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది, ఆ కోపం ఈ రోజుకీ చల్లారలేదు.

తర్వాత ఆవిడ నా దగ్గరికొచ్చి, "వదినగారూ, ఆ అబ్బాయి నంబరు ఉందా మీ దగ్గర?" అంది. కలిపి ఇచ్చాను. అటునుంచి "హలో మేడమ్" అని వినపడింది. ఫోన్లో గట్టిగా మాట్లాడితేనే అవతలికి వినపడుతుందనుకునే మనిషి కాబట్టి, ఆవిడ మాట వీధంతా వినపడింది.

"బాబూ, నువ్వు మా ఇంటికొచ్చి కాఫీ తాగావు చూడు, ఆ పెద్దామెని. ఆ రోజు నీకు లేరని చెప్పాను. ఇప్పుడు చెప్తున్నాను, రాసుకో. మా ఇంట్లో ఇద్దరు పోయారు, నా కూతురు, నా మనవడు. పక్కింట్లో ఒకరు. మిగతావాళ్ళు ఇక్కడే నిలబడున్నారు, ఒక్కొక్కళ్ళే చెప్తారు." ఆగి, అతను ఏదో అంటుంటే వింది. "ఎక్కడ పుట్టారన్నది నాకెందుకు బాబూ? ఊరు దగ్గర మా ఊరి పేరు రాయి."

ఫోను తీసుకెళ్ళి ఆ ఆదివారం నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నామె చేతిలో పెట్టింది.